నాన్న కట్టిన లెక్క సాక్ష్యంలో చెప్పాలా, వద్దా?

మహేంద్రతనయ ఒడ్డు
అందరికీ వందనాలు. మాది పర్లాకిమిడి. ఈ ఫోరంలో అందరూ రాసేవి చాలాకాలంగా చదువుతున్నాను గానీ నేను రాయడం ఇదే మొదటిసారి. కాస్త పెద్దదవుతుంది, ఓపికగా చదవండి.

నాకిప్పుడు 39 ఏళ్లు. వచ్చే నెలలో బాప్తిస్మం తీసుకోవాలనుకుంటున్నాను. మాది బాప్టిస్టు సంఘం, కెనడా మిషనరీల నాటిది. మాలో పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. వయసొచ్చి, నమ్మి, సంఘం ముందు సాక్ష్యం, అంటే తన పాత బతుకూ దేవుడు మార్చిన తీరూ, చెప్పాకే నీళ్లలోకి దిగాలి. నా ఈడు వాళ్లంతా 16, 17 ఏళ్లకే దిగారు. ఆ వయసుకి నేను ఊళ్లో లేను.

నాన్న బడి పంతులు, సంఘానికి కోశాధికారి. ఇంట్లో పొద్దున ప్రార్థన, రాత్రి ప్రార్థన, ఆదివారం రెండు పూటలా గుడి. నాకు ఊపిరాడేది కాదు. నన్ను పాతపట్నంలో తెలుగు మీడియంలో వేశారు. సరిహద్దు దాటితే ఆంధ్రాయే కదా, సైకిల్ మీద వెళ్లొచ్చేవాణ్ణి. ఎనిమిదో తరగతి నుంచి ఆ సైకిల్ బడికి తక్కువ, సినిమా హాలుకి ఎక్కువ వెళ్లింది. నాన్న కొడితే కొట్టించుకుని మళ్లీ అదే పని చేసేవాణ్ణి. పాస్టరు గారు ప్రార్థన చేస్తానని నెత్తిమీద చెయ్యి పెడితే ఆ చేతిని తోసేసినవాణ్ణి నేను.

2001లో కోత పండుగ. బియ్యం, గుమ్మడికాయలు, అరటి గెలలు, కోళ్లు గుడికి తెచ్చారు. ఆరాధన అయ్యాక వేలం పాడారు. ఆ డబ్బు ఆ రాత్రి మా ఇంట్లోనే ఉంది. మర్నాడు పెద్దల ముందు నాన్న లెక్క అప్పగించాలి. మొత్తం 2,340 రూపాయలు. గుడ్డ సంచితో సహా ఎత్తుకుని తెల్లారే బండెక్కేశాను. అప్పటికింకా నౌపడా, గుణుపూర్ మధ్య చిన్న బండే నడిచేది. నౌపడాలో దిగి పెద్ద లైను పట్టుకున్నాను. డబ్బు నెల కూడా రాలేదు.

తర్వాత హోటల్లో ప్లేట్లు కడిగాను, లారీ క్లీనరయ్యాను, డ్రైవరయ్యాను. తాగుడు పట్టుకుంది. ఇంటికి రెండుసార్లు ఫోన్ చేసి, అమ్మ గొంతు వినగానే పెట్టేశాను. 2008 ఆగస్టులో కంధమాల్‌లో క్రైస్తవుల మీద దాడులు జరిగిన గొడవలప్పుడు మా జిల్లాలో కూడా టెన్షన్‌గా ఉందని విన్నాను. మావాళ్లు ఎలా ఉన్నారో కనుక్కోవాలనిపించింది. కనుక్కోలేదు. డబ్బు సంగతి కంటే ఇదే నన్ను ఎక్కువ కాలుస్తుంది.

2019లో రాయగడలో గది తీసుకున్నాను. పక్కింట్లో ఒక మామ్మ, కళ్లకు శుక్లాలు. మనవలు ఇంట్లో తెలుగే మాట్లాడతారు గానీ చదువు ఒడియా మీడియం, తెలుగు అక్షరం రాదు. ఆవిడ దగ్గర పాత తెలుగు బైబిల్ ఉంది. నాకు తెలుగు చదవడం వచ్చని తెలిసి, "రోజూ ఒక అధ్యాయం చదివి పెట్టు నాయనా, టీ ఇస్తాను" అంది. టీ కోసం కాదు, కాదనలేక ఒప్పుకున్నాను. మత్తయితో మొదలెట్టాం. మొదట్లోనే ఆ వంశావళి వదిలేస్తానంటే ఒప్పుకోలేదు. "వాళ్లూ మనుషులే కదా, పేర్లు పిలువు" అంది. పేపరు చదివినట్టు చదివేవాణ్ణి. నమ్మకం ఏమీ లేదు. కొన్నిసార్లు తాగి కూడా చదివాను. ఆవిడకి వాసన తెలిసేది. అయినా ఒక్క మాట అనలేదు.

లోడు మీద వెళ్లిన రోజులు పోగా ఏడాది పైన పట్టింది. 2020 లాక్‌డౌన్‌లో లారీ ఆగిపోయాక వరసగా చదువుతూ ఫిలేమోను పత్రికకు వచ్చాం. 25 వచనాల చిన్న ఉత్తరం. చిన్నప్పుడు గుడిలో విన్నట్టు కూడా గుర్తు లేదు. ఒనేసిము అనే దాసుడు యజమాని దగ్గర నుంచి పారిపోయాడు. జైల్లో ఉన్న పౌలు ఆ యజమానికి రాస్తాడు: అతన్ని నన్ను చేర్చుకున్నట్టే చేర్చుకో, నీకేమైనా బాకీ ఉంటే నా లెక్కలో వేసుకో, నేనే తీరుస్తాను, ఇది నా చేత్తో రాస్తున్నాను అని. అక్కడ నా గొంతు ఆగిపోయింది. "ఏటయింది నాయనా, పేజీ చిరిగిందా?" అంది మామ్మ. ఆ ఉత్తరం పూర్తి చేయడానికి మూడు రోజులు పట్టింది.

బస్సులు తిరగడం మొదలవగానే ఇంటికి వెళ్లాను. నాన్న తలుపు తీసి, "కాళ్లు కడుక్కో" అన్నారు. అంతే. వారం తర్వాత అమ్మ చెప్పింది: ఆ పొద్దున్నే నాన్న సైకిల్ అమ్మి, జీతం డబ్బు కలిపి 2,340 సరిచేసి పెద్దలకు అప్పగించారట. ఆయన చాలా ఏళ్లు బడికి నడిచే వెళ్లారట. సంఘంలో ఎవరికీ తెలియదు. చదువు ఇష్టం లేక పారిపోయాడనే అందరూ అనుకున్నారు.

ఇప్పుడు నా సమస్య. సాక్ష్యంలో ఇది చెప్పాలని నాకుంది. నాన్న వద్దంటున్నారు. "అది ఇంటి లెక్క. సంఘం లెక్క ఆ రోజే సరిపోయింది" అంటారు. ఆయనకు 74 ఏళ్లు. చెప్తే ఆయన దాచిన సంగతి బయటపడుతుంది. చెప్పకపోతే నా సాక్ష్యం సగమే. ఏం చేయమంటారు?

గుణుపూర్ అమ్మ
బాబూ, రెండుసార్లు చదివాను. మా వాడికి 16. గుడికి రానంటాడు, వాళ్ల నాన్నతో మాట్లాడడు, రాత్రి ఎప్పుడొస్తాడో తెలియదు. మీ ప్రశ్నకు జవాబు చెప్పేంత దాన్ని కాదు. ఒక్కటి అడుగుతాను: ఆ వయసులో మీ అమ్మానాన్నలు ఏం చేసి ఉంటే మీరు ఆగేవారు?

రాయగడ స్టేషన్ రోడ్డు
చెప్పాలి అన్నా. ఇందులో ఆలోచించడానికి ఏముంది? బైబిల్లో యేసు వెళ్లిన ఆ పన్నుల అధికారి జక్కయ్య ఇంట్లో ఏం జరిగింది? నలుగురి ముందు నిలబడి, ఎవరి దగ్గర అన్యాయంగా తీసుకున్నా నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. చాటుగా చెవిలో చెప్పలేదు. సంఘం డబ్బు తీసుకున్నావు, సంఘం ముందే ఒప్పుకోవాలి. మీ నాన్నగారి మీద గౌరవం ఉంచుకునే చెప్తున్నాను. ఆయన చేసింది ప్రేమే, కానీ కోశాధికారిగా పెద్దలకు తెలియజేసి ఉండాల్సింది.

నేను కూడా తాగుడులోంచి వచ్చినవాణ్ణే. దాచుకున్నది ఏదైనా ఉంటే అదే మళ్లీ లాగుతుంది. నా అనుభవం ఇది.

కోరాపుట్ సిస్టర్
స్టేషన్ రోడ్డు తమ్ముడితో నేను ఏకీభవించలేను. జక్కయ్య తన తప్పు తాను చెప్పుకున్నాడు. ఇక్కడ ఈ అన్న చెప్తే నాన్నగారి సంగతి కూడా చెప్పినట్టవుతుంది. 74 ఏళ్ల మనిషి ఆదివారం పూట అందరి కళ్లలో పడాలి. నా తప్పు ఒప్పుకునే హక్కు నాకుంది, ఇంకొకరి రహస్యం విప్పే హక్కు లేదు.

మేము లూథరన్లం. 1882లో జర్మనీ నుంచి మిషనరీలు ఈ కొండల్లోకి వచ్చినప్పటి నుంచి మా తాతల కుటుంబం ఈ సంఘంలోనే ఉంది. మాకు పసితనంలోనే బాప్తిస్మం అయిపోతుంది, పెద్దయ్యాక ఆ విశ్వాసాన్ని సొంత నోటితో ఒప్పుకునే కన్ఫర్మేషన్. అందుకని ఇలా నిలబడి పాత బతుకు చెప్పే అలవాటు మాకు తక్కువ. మీ పద్ధతిని తప్పు పట్టడం లేదు. కానీ బయట కూడికల్లో చూశాను: పాత పాపం ఎంత పెద్దగా చెప్తే సాక్ష్యం అంత గొప్పది అన్నట్టు అయిపోయింది. విన్నవాళ్లకు దొంగతనం గుర్తుంటుంది, దేవుడు చేసింది గుర్తుండదు.

ఇంకొకటి. తాగి చదివానని రాశారే, అది నాకు చాలా నచ్చింది. ఎందుకంటే నిజం అలాగే ఉంటుంది. జాన్ న్యూటన్ అని బానిసల ఓడ నడిపిన ఆయన ఉన్నారు. 1748లో సముద్రంలో తుఫాను వచ్చినప్పుడు దేవుణ్ణి పిలిచారు. మారిపోయారనుకుంటాం కదా, ఆ తర్వాత కూడా 1754 వరకు బానిసల ఓడలే నడిపారు. ఆ వ్యాపారం ఎంత ఘోరమో బహిరంగంగా రాసింది 1788లో. తుఫాను నుంచి 40 ఏళ్లు. నేను ఆసుపత్రి వార్డులో తాగుడు మానాలని వచ్చేవాళ్లకి ఈ సంగతి చెప్తుంటాను. ఒక్క రాత్రిలో మారలేదని దేవుడు వదిలేశాడనుకోవద్దని.

సిరోంచ అక్క
తమ్ముడూ, నాది గడ్చిరోలి జిల్లా. ప్రాణహిత గోదావరిలో కలిసే చోటు మాది. మరాఠీ రాష్ట్రంలో ఉన్నాం గానీ ఇళ్లల్లో తెలుగే. మీరు రాసిన మనవల సంగతి మా దగ్గరా అంతే. మా పిల్లలు మరాఠీ మీడియం. నానమ్మల బైబిళ్లు పెట్టెల్లో అట్లనే ఉన్నాయి.

నేను ఆడపిల్లని, అయినా మొండిదాన్నే. హాస్టల్లో వేస్తే గోడ దూకి వచ్చేసిన. వంతెన పడకముందు సంగతి, పడవ వాడికి అబద్ధం చెప్పి నది దాటి కాళేశ్వరం పోయిన. మా అమ్మ తిట్టలేదు. రోజూ సాయంత్రం రేవుకి వచ్చి కూర్చునేదట. పడవ వాడు నాకు తర్వాత చెప్పిండు. ఆరు రోజులు. ఏడో రోజు నేను దిగినప్పుడు కూడా ఏమీ అడగలేదు, చేతిలో ఉన్న సజ్జరొట్టె ఇచ్చింది. ఇద్దరం నడుచుకుంట ఇంటికి పోయినం.

గుణుపూర్ అమ్మా, మీ ప్రశ్నకి నా జవాబు ఇదే. మీ వాడు ఎప్పుడొచ్చినా వాడి కంచంలో అన్నం ఉండాలి. వచ్చిన రాత్రే ప్రశ్నలు వద్దు. మర్నాడు అడగండి.

తమ్ముడి ప్రశ్నకి మాత్రం నాకు జవాబు దొరకలేదు. నేను మా అమ్మకి సారీ చెప్పలేకపోయిన. ఆమె పోయింది. మీ నాన్న ఉన్నాడు.

బరంపురం మాస్టారు
నాయనా, నేను రిటైరైన తెలుగు పంతుల్ని. అందుకేనేమో మీ మామ్మ కథ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. గంజాం 1936 దాకా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. ఒడిశా ఏర్పడ్డాక ఇక్కడి తెలుగువాళ్లకు మాట మిగిలింది, అక్షరం మెల్లగా జారిపోయింది. మీ పర్లాకిమిడి ప్రాంతంలోనే 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి గారు పూర్వికుల భాష బెంగాలీ అయినా తెలుగులో కీర్తనలు కట్టారు. ఇప్పటికీ తెలుగు గుళ్లలో పాడుతున్నారు. ఆయన పుట్టిన గడ్డ మీద ఒక మామ్మకి తెలుగు చదివిపెట్టే మనిషి దొరకడమే కష్టమైపోయిందంటే మనసు కలుక్కుమంది. సరే, ఇది పక్క మాట.

అసలు విషయం. మీరు రాసినదాంట్లో ఒక వాక్యం కోసం వెతికాను, కనబడలేదు. మీరు నాన్నగారి ఎదురుగా కూర్చుని, "నాన్నా, ఆ సంచి నేనే తీశాను, నన్ను క్షమించండి" అని నోటితో అన్నారా? ఆయన కాళ్లు కడుక్కోమన్నారు, అమ్మ సంగతి చెప్పింది, ఆయన సాక్ష్యంలో వద్దన్నారు. మధ్యలో మీ మాట ఏది? మూడు వందల మంది ముందు చెప్పడానికి సిద్ధపడుతున్నారు. ఆ ఒక్కరి ముందు చెప్పారా?

అగస్టీన్ గారి సంగతి మీరు వినే ఉంటారు. 354లో ఇప్పటి అల్జీరియాలో పుట్టారు. 16 ఏళ్లప్పుడు స్నేహితులతో కలిసి పక్కతోటలో పియర్ పళ్లు దొంగిలించారు. ఆకలికి కాదు, పందులకు పారేశారు. పెద్ద బిషప్పు అయ్యాక ఆ పళ్ల గురించి పేజీల కొద్దీ రాసుకున్నారు. ఆ రాతంతా ముందు దేవుడితో మాట్లాడినట్టు ఉంటుంది, లోకం పక్కన నిలబడి వింటుంది. ఆ వరస ముఖ్యమని నాకనిపిస్తుంది. ఆయన తల్లి మోనికా ఏళ్ల తరబడి కొడుకు కోసం ఏడ్చింది. 387లో ఆయన బాప్తిస్మం కళ్లారా చూసి, ఆ ఏడాదే కన్నుమూసింది. గుణుపూర్ చెల్లెమ్మా, అప్పటికి ఆ కొడుకుకి 32 ఏళ్లు. మీవాడికి ఇంకా 16 కదమ్మా.

మహేంద్రతనయ ఒడ్డు
మాస్టారూ, మీ ప్రశ్న చదివి ఫోన్ పక్కన పెట్టేశాను. రెండు రోజులు జవాబు రాయలేకపోయాను.

అనలేదండీ. అయిదేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఆయన మందులు నేనే తెస్తాను, గుడికి నా బండి మీదే తీసుకెళ్తాను. ఆ మాట మాత్రం అనలేదు. ఆయనకి తెలుసు, నాకు తెలుసు, ఇంక చెప్పేదేముందని అనుకున్నాను. సంఘం ముందు చెప్తే ఆయనకి కూడా చెప్పినట్టే అవుతుందని లోపల ఎక్కడో లెక్క వేసుకున్నట్టున్నాను. జనం మధ్యలో అయితే ఆయన మొహం చూడక్కర్లేదు కదా.

గుణుపూర్ అమ్మగారూ, మీరు అడిగినదానికి నిజంగా ఆలోచించాను. ఏం చేసినా ఆగేవాణ్ణి కాదేమో. కానీ ఒకటుంది. నాన్న నాతో మాట్లాడిందంతా తప్పు చేసినప్పుడే. మామూలు రోజున, ఏ తప్పూ చేయని రోజున, పక్కన కూర్చుని నాతో మాట్లాడి ఉంటే బాగుండేది. మీ ఆయనకి ఇది చదివి వినిపించండి.

జయపురం విద్యార్థి
అన్నా, మధ్యలో వస్తున్నాను, క్షమించాలి. మాది హిందూ కుటుంబం. ఏడాదిగా ఒక స్నేహితుడితో కూడికకు వెళ్తున్నాను. నాకు 21. బాప్తిస్మం తీసుకోవాలనుంది. ఇంట్లో ఇంకా చెప్పలేదు. చట్టం ఏదో ఉందంటున్నారు, భయంగా ఉంది.

బరంపురం మాస్టారు
బాబూ, చట్టం ఉన్నమాట నిజం. ఒడిశాలో 1967 నుంచి మత స్వాతంత్ర్య చట్టం ఉంది. బలవంతం, ఆశ చూపడం, మోసం వీటితో మతం మార్చడం నేరం. 1989 నియమాల ప్రకారం మారే మనిషి మేజిస్ట్రేటు ముందు తన ఇష్టంతోనే మారుతున్నానని వాంగ్మూలం ఇవ్వాలి, కార్యం జరిపే పాస్టరు 15 రోజుల ముందు కలెక్టరుకు తెలపాలి. మీరు ఎస్సీ అయితే క్రైస్తవంలోకి వస్తే ఆ హోదా పోతుంది, ఎస్టీ అయితే పోదు. ఇవన్నీ ఒక వకీలుతో కూర్చుని మాట్లాడండి. ఎవరూ తొందరపెట్టకూడదు, మీరూ తొందరపడకూడదు. అన్నిటికంటే ముందు ఇంట్లో మీ అమ్మతో చెప్పండి. దాచి దిగే నీళ్లు తర్వాత ఇంటిల్లిపాదినీ బాధపెడతాయి.

లారీ ఆఫీసు
నేను క్రైస్తవుణ్ణి కాను. రాయగడలో నేను పనిచేసే ఆఫీసులో ఈయన లోడ్లు వేసేవాడు, అప్పట్నుంచీ తెలుసు. ఒకటి చెప్తాను. 2020 తర్వాత ఈయన డీజిల్ లెక్కలో ఒక్క రూపాయి తేడా రాలేదు. అంతకుముందు వచ్చేది, నాకు తెలిసీ ఊరుకున్నాను. ఆఖరికి ఒక రోజు తనే వచ్చి పాత తేడాలన్నీ కాగితం మీద రాసి, నెలనెలా జీతంలో కోసుకోమన్నాడు. నా చేతికి ఇచ్చిన ఆ కాగితం కంటే పెద్ద సాక్ష్యం నేనింకేం వినాలి? బాబూ, నాకు చెప్పగలిగినవాడివి, మీ నాన్నకి చెప్పలేవా?

గుణుపూర్ అమ్మ
మా ఆయనకి వినిపించాను. ఏమీ అనలేదు. నిన్న మాత్రం వాణ్ణి తీసుకుని వంశధార గట్టుకి చేపలకి వెళ్లారు. ఏమీ దొరకలేదట. ఇద్దరూ చీకటి పడ్డాక వచ్చారు.

మహేంద్రతనయ ఒడ్డు
మూడు వారాలైంది. మీరంతా ఆలోచించి రాశారు, ఏం జరిగిందో చెప్పడం నా బాధ్యత.

చెప్పాను. శనివారం మధ్యాహ్నం, అమ్మ పడుకున్నాక. నాన్న వరండాలో పడక్కుర్చీలో ఉన్నారు. కింద కూర్చున్నాను. మాస్టారు రాసిచ్చిన వాక్యమే అన్నాను, నాకు వేరే మాటలు రాలేదు. కంధమాల్ గొడవలప్పుడు ఫోన్ చేయని సంగతి కూడా చెప్పాను. ఆయన చాలాసేపు వీధి వైపే చూశారు. తర్వాత లేచి లోపలికి వెళ్లారు. కోపం వచ్చిందనుకున్నాను. పాత ట్రంకు పెట్టె తీసిన చప్పుడైంది.

ఇంటి ఖర్చుల నోటు పుస్తకం తెచ్చారు, 2001ది. నాన్న ప్రతి పైసా రాస్తారు, ఇప్పటికీ. ఆ పేజీ తీసి నా చేతికిచ్చారు. పాలు, కిరోసిన్, నూనె, చీటీ. వాటి కింద: సైకిల్ అమ్మగా వచ్చినది, జమ. దాని కింద, ఖర్చు వైపు: "అబ్బాయి ప్రయాణానికి, 2,340."

దొంగతనం అని రాయలేదు. పోయింది అని కూడా రాయలేదు.

"నేనిచ్చానని రాసుకున్నాను. ఇచ్చినదాన్ని దొంగిలించాడని ఎలా చెప్తాను? అందుకే వద్దన్నాను" అన్నారు. కొంచెం ఆగి, "అప్పుడు నిన్ను కొట్టకుండా ఉండాల్సింది" అన్నారు. నేను ఆయన మోకాళ్ల మీద తల పెట్టుకున్నాను. అమ్మ లేచి వచ్చి, ఏమైందో అడగకుండా టీ పెట్టింది.

మర్నాడు ఆయనే పాస్టరు గారి దగ్గరికి నన్ను తీసుకెళ్లి, ఆ పుస్తకం ముందు పెట్టి జరిగింది చెప్పారు. స్టేషన్ రోడ్డు తమ్ముడూ, నువ్వన్నట్టు కోశాధికారిగా అప్పుడే చెప్పాల్సిందని ఆయనా ఒప్పుకున్నారు. పాస్టరు గారు ఆ రోజుల్లో ఉన్న పెద్దల్లో మిగిలిన ఇద్దర్ని పిలిచి చెప్పారు. ఒకాయన, "ఆ ఏడాది మాస్టారు నడిచి ఎందుకు వస్తున్నారో ఇప్పుడు అర్థమైంది" అన్నారు. సాక్ష్యంలో ఎంత చెప్పాలో నా ఇష్టానికే వదిలేశారు.

ఆదివారం ఇంతే చెప్పాను: 15 ఏళ్లప్పుడు ఇంట్లో ఉన్న డబ్బు ఎత్తుకుని పారిపోయాను. నాన్న ఆ లెక్క కట్టారు. చాలా ఏళ్ల తర్వాత ఒక మామ్మకి ఫిలేమోను పత్రిక చదువుతూ, నా లెక్క అంతకుముందే ఇంకొకరు కూడా కట్టారని తెలుసుకున్నాను. కోరాపుట్ సిస్టర్, మీ మాట గుర్తుపెట్టుకునే మిగతాదంతా వదిలేశాను.

మహేంద్రతనయలో నీళ్లు మోకాళ్ల పైకి ఉన్నాయంతే. లోతు కోసం కొంచెం పైకి నడవాల్సి వచ్చింది. మామ్మ రాయగడ నుంచి మనవణ్ణి వెంటబెట్టుకుని బస్సులో వచ్చింది. కళ్లు కనబడవు కాబట్టి గట్టు మీద నిలబడి, "దిగాడా? దిగాడా?" అని అడుగుతూనే ఉందట. ఆ మనవడికి ఫోన్లో వారానికి నాలుగు తెలుగు అక్షరాలు నేర్పుతున్నాను. ఇప్పటికి గుణింతాల దాకా వచ్చాడు.

సిరోంచ అక్కా, మీ రేవు సంగతి నాన్నకి చదివి వినిపించాను. మళ్లీ ఒకసారి చదవమన్నారు.

రాత్రి తొమ్మిదయింది, మామ్మ ఫోన్ కోసం చూస్తుంటుంది. పాత నిబంధనలో యిర్మీయా 31వ అధ్యాయం దగ్గర ఉన్నాం. ఉంటానండీ.